కాలవ మొగ ఎవరిదండీ?

2018 కార్తీక మాసంలో నేను మొదటిసారి పరిశోధన పని మీద కొల్లేటి లంక ఒకదానికి వెళ్ళాను. అప్పటికి తాడేపల్లిగూడెంలో ఒక డిగ్రీ కాలేజీలో సోషియాలజీ చెబుతున్నాను. ఒక పరిశోధన సంస్థ నాకు రెండేళ్ళ ప్రాజెక్టు ఇచ్చింది. అభయారణ్యం అయిన సరస్సులో, పట్టాలు లేని నేల మీదా నీటి మీదా ఎవరికి ఏ హక్కు ఉంది, ఆ హక్కుల్ని ఊరు ఎలా నడుపుకుంటోంది, దానివల్ల సరస్సుకి మేలు జరుగుతోందా కీడు జరుగుతోందా అన్నది తేల్చాలి. మా కాగితాల్లో ఆ ఊరివాళ్ళని ఇండిజినస్ కమ్యూనిటీ అని రాసేవాళ్ళం, అంటే తరతరాలుగా ఆ చోటునే నమ్ముకుని బతుకుతున్నవాళ్ళు అని. ఆ ఊరి అసలు పేరు చెప్పను. ఊళ్ళకీ మనుషులకీ పేర్లు మార్చి రాయడం మా వృత్తి నియమం. లంక అనే అంటాను, కొల్లేట్లో లంకలకేం తక్కువ లేదు.

సోషియాలజిస్టు అంటే ఏం చేస్తారని చాలామంది అడుగుతారు. నాకు ఈ ప్రాజెక్టు వచ్చిన రోజున మా నాన్నగారూ అడిగారు. జనం దగ్గర కూర్చుని వాళ్ళ సంగతులు కనుక్కుని రాసుకోవడమని చెప్పాను. "దానికి జీతం కూడానా? మీ మేనత్త ముప్ఫై ఏళ్ళుగా ఉత్తినే చేస్తోంది కదే" అన్నారు. ఆయన మాటలో నిజం లేకపోలేదు. తేడా అల్లా మా మేనత్త ఎప్పుడూ మ్యాపు గీయలేదు.

మాది పచారీ కొట్టు. ప్రతి డబ్బా మీదా పేరు రాసి అంటించడం మా అమ్మకి అలవాటు. కొట్లోనే కాదు, వంటింట్లో కూడా అంతే. ఉప్పు అయిపోయి ఆ డబ్బాలో అటుకులు పోసినా, పైన కాగితం మార్చేదాకా మాకది ఉప్పు డబ్బాయే. పేరు లేని వస్తువు కనిపిస్తే నాకు ఇప్పటికీ చేతులు ఊరుకోవు. లంకలో నేను చేసిన తప్పు చదువు లేక చేసింది కాదు. ఆ అలవాటుకి చదువు తోడై చేయించింది.

మొదటి రోజు నేను వెళ్ళేసరికి కమ్యూనిటీ హాలు ముందు ఊరంతా కూర్చుని ఉంది. ఊరంటే ముప్ఫై గడపలు. మధ్యలో గంగరాజు గారు, డెబ్భై దాటిన ఊరిపెద్ద. ఆయన ముందు పసుపు రాసిన కొత్త కుండ. ఇంటికొకరు వచ్చి దాని పక్కన ఏదో ఒక చిన్న వస్తువు పెట్టి వెళుతున్నారు. ఒకరిది సోడాకాయలోని గోళీ, ఒకరిది తాబేటిచిప్ప ముక్క, ఒకరిది వల అంచుకి కట్టే సీసపు గుండు. వాటిని గురుతులు అంటారట. నేను చెప్పులు విడిచి ఓ పక్కన కూర్చోగానే గంగరాజు గారు నా వైపు తిరిగారు.

"అమ్మా, మీరు ఈ ఊళ్ళో ఎవరికీ చుట్టం కాదు కదండీ?"

కాదన్నాను.

"అయితే మంచి వేళకొచ్చారండి. వచ్చి కుండలో చెయ్యి పెట్టండమ్మా" అన్నారు.

పరిశోధకులు జనంతో కలిసి ఉండాలి, చూడాలి, రాసుకోవాలి, అంతేకాని జరిగేదాన్ని తమ చేత్తో మార్చకూడదు అని మా పుస్తకాలు చెబుతాయి. దాన్ని అబ్జర్వేషన్ అంటారు. నేను ఆ నియమాన్ని తలుచుకుని, చాలా మర్యాదగా, వద్దులెండి అన్నాను. ఇంకో కారణం కూడా ఉంది. నాలుగున్నర బస్సు తప్పితే ఏలూరులో నా రైలు తప్పుతుంది. గురుతులు తీయడం మొదలుపెట్టకముందే లేచి వచ్చేశాను. బస్సులో కూర్చుని, ఫీల్డ్ నోట్స్‌లో ఆచారాలు అన్న శీర్షిక కింద, 'కార్తీకంలో కుండ పెడతారు. ఇంటికో గురుతు. బయటివారి చేత తీయిస్తారు' అని మూడు ముక్కలు రాసుకున్నాను. భూమి, హక్కులు అన్న విషయాలకి వేరే నోట్సు ఉంది. దాన్ని ఆ రోజు తెరవనే లేదు. వచ్చిన మొదటి రోజే ఒక ఆచారం కంటపడిందని సంబరపడిపోయాను.

ఆ తరువాతి ఆరు నెలలూ సెలవు దొరికినప్పుడల్లా లంకలోనే ఉన్నాను. నాకు నీటి మీద ఓనమాలు దిద్దించింది సత్తెమ్మ గారు. నలభై అయిదేళ్ళ మనిషి. భర్త పోయాక దోనె తనే నడుపుకుంటున్నారు. ఏ గాలికి ఏ చేప కదులుతుందో, కిక్కిస పొదల్లో నీటికోళ్ళు ఎప్పుడు గుడ్లు పెడతాయో, అప్పుడు అటువైపు దోనె ఎందుకు తోయకూడదో ఆవిడ చెబుతుంటే నేను రాసుకునేదాన్ని. మా భాషలో ఇలాంటివాళ్ళని కీ ఇన్‌ఫార్మెంట్ అంటాం. ఆవిడకి ఆ మాట చెబితే, తాళం చెవా అని నవ్వారు.

ఆ ఊరి కష్టం ఒకటే. సముద్ర మట్టానికి అయిదడుగుల ఎత్తు దాకా ఉన్న ప్రాంతమంతా అభయారణ్యం. దాన్ని ప్లస్ ఫైవ్ కాంటూరు అంటారు. ఆ గీత లోపల చేపల చెరువుకని గట్టు వేయకూడదు. పాత పద్ధతిలో వలలతో, మావులతో వేటాడుకోవచ్చు. మావు అంటే వెదురు పుల్లలతో అల్లిన బోను. అందులోకి వెళ్ళిన చేప వెనక్కి రాలేదు. అయితే ఆ పాత పద్ధతి ఏదో, దాన్ని పాటించేవాళ్ళు ఎవరో చెప్పే కాగితం ఎక్కడా లేదు. ఎవరో ఫిర్యాదు చేస్తారు, ఎవరో వచ్చి మావులు పీకించేస్తారు. సత్తెమ్మ గారివి రెండుసార్లు పీకించారు.

ఆ కాగితం నేనిస్తాను అనుకున్నాను. పార్టిసిపేటరీ మ్యాపింగ్ అని మా దగ్గరొక పద్ధతి ఉంది. ఊరివాళ్ళనే వెంటబెట్టుకుని, వాళ్ళు చూపిన హద్దుల్ని జీపీఎస్‌తో గుర్తుపెట్టి మ్యాపు తయారుచేయడం. ఎండాకాలం నీళ్ళు తగ్గి, మావులు పెట్టే చోట్లు తేటగా కనబడే రోజుల్లో సత్తెమ్మ గారి దోనెలో నాలుగు రోజులు తిరిగాను. ప్రతి చోటా ఒకటే ప్రశ్న. ఈ చోటు ఎవరిదండీ? ఇది వెంకన్నదండి. ఇదో? ఇది పోలమ్మగారిదండి. కాలవ మొగ ఎవరిదండీ? అప్పారావుదండి.

మొగ అంటే పొలాల మీంచి వచ్చే కాలవ సరస్సులో కలిసే చోటు. కొత్త నీళ్ళకి చేప ఎదురెక్కేది అక్కడే. మొగ దొరికినవాళ్ళకి ఆ ఏడు పండగే. అయినా దాన్ని సగమే మావులతో మూసి, సగం తెరిచి ఉంచాలని కట్టుబాటు. ఆ సగంలోంచే మిగతా ఇరవై తొమ్మిది చోట్లకీ చేప వెళుతుంది. ఈ కట్టుబాటు గురించి నా రిపోర్టులో రెండు పేజీలు మెచ్చుకుని రాశాను. సత్తెమ్మ గారి చోటు మాత్రం ఊరికి దూరంగా, గుర్రపుడెక్క పట్టేసిన మూల ఉంది. దాన్ని చూసి, భర్త లేని ఆడదానికి అధ్వాన్నపు చోటు ఇచ్చారని అసమానత అన్న శీర్షిక కింద కోపంగా రాసుకున్నాను. మీరెందుకు ఇక్కడున్నారని ఆవిడనే ఒక్క మాట అడిగి ఉంటే ఈ కథే లేదు.

మ్యాపు అందంగా వచ్చింది. ముప్ఫై చోట్లు, ముప్ఫై పేర్లు. లామినేషన్ చేయించి కమ్యూనిటీ హాల్లో తగిలించాను. ఒక ప్రతి ఏలూరులో అభయారణ్యం చూసే ఆఫీసులో ఇచ్చాను. అక్కడి ఆఫీసరు గారు కొత్తగా వచ్చినవారు, మంచి మనిషి. మ్యాపు చూసి సంతోషించి, అందులోని పేర్లతో పాత పద్ధతి వేటగాళ్ళ జాబితా తయారుచేయించి ముద్ర వేశారు. ఆ వానాకాలం లంకలో ఎవరి మావూ ఎవరూ పీకలేదు. మా సంస్థ నా రిపోర్టుని అచ్చు వేసింది. గంగరాజు గారి భార్య నాకు అరిసెలు కట్టి ఇచ్చారు. వాటిని తింటూ నేను చాలా గొప్పదాన్ననుకున్నాను.

మళ్ళీ కార్తీకం వచ్చింది. ఒక మధ్యాహ్నం స్టాఫ్‌రూములో ఉండగా సత్తెమ్మ గారు ఫోన్ చేశారు.

"ఏవండీ మేడం గారూ, ఈ ఏడు కుండ పెట్టడం లేదండి."

అయ్యో, ఒక ఆచారం కనుమరుగైపోతోంది కాబోలు అనుకుని నేను పెన్ను తీశాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే రోత పుడుతుంది. ఆవిడ నిదానంగా, నొప్పించకుండా, బడిపిల్లకి చెప్పినట్టు చెప్పుకొచ్చారు. కుండలోంచి తీసేది చోట్ల కోసం. ఏటా ముప్ఫై చోట్లూ ముప్ఫై గడపలకీ మళ్ళీ కొత్తగా పంచుకుంటారు. ముందు మొగకి తీస్తారు. ఒకసారి మొగ దక్కిన ఇంటి గురుతు, అందరికీ దక్కేదాకా మళ్ళీ మొగ కోసం కుండలో పడదు. మిగతా చోట్లకి అందరి గురుతులూ కలిపి తీస్తారు. ఆ ఏడు సత్తెమ్మ గారికి గుర్రపుడెక్క మూల రావడం ఎవరి అన్యాయమూ కాదు, అంతకు ముందేడు అది గంగరాజు గారిదే.

"ఈ విడతలో ఇరవై ఏడు ఇళ్ళకి మొగ అయిపోయిందండి. ముగ్గురమే మిగిలాం. నాది మా ఆయన వేసిన సీసపు గుండేనండి. ఇరవై ఏడేళ్ళ నుంచీ ఉంది కుండలో. ఇప్పుడేమో అప్పారావు, మొగ నా పేరున ఆపీసులో ఎక్కిపోయింది, ఇంక కుండెందుకు అంటున్నాడండి."

నేను అడిగిన ప్రశ్నకి వాళ్ళు నిజమే చెప్పారు. ఆ ఏడు మొగ అప్పారావుదే. ఎప్పటిదాకా అని నేను అడగలేదు. అడగనిది చెప్పడం ఆ ఊళ్ళో మర్యాద కాదు. పైగా మొదటి రోజు కుండ ముందు కూర్చున్న మనిషిని, నాకు తెలిసే ఉంటుందనుకున్నారు. నేను ఒక ఏటి పంపకాన్ని ముద్ర వేయించి శాశ్వతం చేసేశాను. అటుకుల డబ్బా మీద ఉప్పు అని రాసి, ఆ కాగితం ఇక ఊడకుండా చేశాను.

మర్నాడే లంకకి వెళ్ళాను. సంగతి నేను అనుకున్నదానికంటే ముదిరింది. గణపవరం వైపునుంచి ఒక చెరువుల ఆసామి నా మ్యాపు జిరాక్సు పట్టుకుని అప్పారావు గారింటికి వచ్చి వెళ్ళాడట. మొగ మీ పేరునే ఉంది కదా, నాకు లీజుకివ్వండి, మూడేళ్ళు నేను చూసుకుంటాను అన్నాడట. అతని చేతికి వస్తే మొగ సగం తెరిచి ఉండదు. అడ్డంగా వల కట్టేస్తాడు. మిగతా ఇరవై తొమ్మిది చోట్లకీ చేప రాదు. ఏళ్ళ తరబడి మొగ కోసం ఎదురుచూసిన సత్తెమ్మ గారికి మొగా లేదు, మూలా లేదు. అంతా నా అందమైన మ్యాపు చలవ.

మా సంస్థలో ప్రాజెక్టు చూసే సారుకి ఫోన్ చేసి తప్పు జరిగిందని చెప్పాను. రిపోర్టు అచ్చయిపోయిందన్నారు. ఇప్పుడు తప్పని ఒప్పుకుంటే మొత్తం మ్యాపునే ఎవరూ నమ్మరు, రెండో ఏడు ప్రాజెక్టు కూడా ఆగిపోవచ్చు, కాస్త ఆలోచించుకోమన్నారు. నాకు భయం వేసింది. నిజం చెప్పాలంటే ఒక పూట ఆలోచించుకున్నాను కూడా. తరువాత తప్పు ఒప్పుకుంటూ సారుకి ఉత్తరం రాసి పంపేసి, సత్తెమ్మ గారిని తీసుకుని ఏలూరు ఆఫీసుకి వెళ్ళాను.

ఆఫీసరు గారు ఓపిగ్గా విన్నారు. విని తల అడ్డంగా ఊపారు. చోట్లు ఏటా మారిపోతాయంటే ఎవరికీ స్థిరమైన హక్కు లేదని పైవాళ్ళు అనరా అని అడిగారు. అప్పారావు గారు ఊళ్ళో అంటున్నదీ అదే. ఆయనది ఒట్టి ఆశ కాదు, అందులో ఊరికి పట్టుకున్న భయం కూడా ఉంది. నేను కామన్స్ గురించి, అంటే ఊరుమ్మడి ఆస్తుల గురించి నాకు తెలిసిన సిద్ధాంతమంతా చెప్పాను. పది నిమిషాలు చెప్పి ఉంటాను. ఆయన గడియారం చూసుకున్నారు.

అప్పటిదాకా గోడ పక్కన నిలబడ్డ సత్తెమ్మ గారు మెల్లిగా అడిగారు.

"ఏవండీ, మీరు కూర్చున్న కుర్చీ ఎవరిదండీ?"

ఆయన నవ్వి, నాదే అనుకోమ్మా అన్నారు.

"మీకు బదిలీ అయితేనండి?"

"వచ్చేవాళ్ళది."

"మరి మనుషులు మారుతున్నారని ఈ ఆపీసు లేదనరు కదండీ ఎవరూ. మాదీ అంతేనండి. మొగలో మనిషి మారతాడు. మొగ ఊరిదండి."

గోడ మీద ఒక చెక్కబోర్డు ఉంది. అంతకుముందు ఆ కుర్చీలో పనిచేసినవాళ్ళ పేర్లు, ఏ ఏటినుంచి ఏ ఏటిదాకా అన్నదీ దాని మీద వరసగా రాసి ఉన్నాయి. ఆయన దానివైపు చూశారు, నేనూ చూశాను. తరువాత ఆయన, మీ ఊరి పద్ధతి రాసి, ముప్ఫై ఇళ్ళవాళ్ళూ సంతకాలు పెట్టి తెండి, జాబితా మారుస్తాను అన్నారు. ముప్ఫైలో ఒక్కటి తగ్గినా కుదరదన్నారు. పాత జాబితాలో పేరున్న మనిషి ఒప్పుకోకుండా దాన్ని కొట్టేసే అధికారం తనకి లేదట.

అంటే అప్పారావు గారి సంతకం కావాలి. ఆయన్ని ఊళ్ళో ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. గంగరాజు గారైతే, మనం చెబితే పంతం పెరుగుతుందండి, మీరే వెళ్ళండమ్మా, రాసింది మీరు కదా అన్నారు. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు గాని నాకు తగలాల్సిన చోట తగిలింది.

అప్పారావు గారు యాభై ఏళ్ళ మెత్తని మనిషి. నాకు కుర్చీ వేసి, టీ ఇప్పించి, తను గడప మీద కూర్చున్నారు. దొంగని పట్టుకోవడానికి వెళ్ళినట్టు వెళ్ళాను నేను.

"మేడం గారూ, మా తాతకి ఏ కాయితం మీదా పేరు లేదండి. మా నాన్నకి లేదు. నాకు రేషన్ కార్డు, ఓటు తప్ప ఏమీ లేదండి. మొదటిసారి మీరొచ్చి, ఇదిగో ఇది అప్పారావుది అని రాశారు. రోజూ హాల్లోకి వెళ్ళి చూసుకునేవాణ్ణండి. ఇప్పుడు మళ్ళీ మీరే వచ్చి కొట్టేస్తానంటున్నారు."

తప్పు నాదండీ, క్షమించండి అన్నాను. ఆయన, అయ్యో మీరలా అనకూడదండి అన్నారు గాని సంతకం మాట ఎత్తలేదు. నేను టీ తాగి లేచి వచ్చేశాను. రైల్లో తాడేపల్లిగూడెం దాకా ఆ మాటే చెవుల్లో ఉంది. అప్పారావు గారికి కావలసింది మొగ కాదేమో, తన పేరు ఎక్కడో ఒకచోట నిలవడమేమో అనిపించింది. ఆఫీసు గోడ మీది చెక్కబోర్డు గుర్తుకొచ్చింది. అక్కడ దిగిపోయినవాళ్ళ పేర్లు కూడా ఉన్నాయి. ఎవరి పేరునీ ఎవరూ కొట్టెయ్యలేదు.

తరువాతి ఆదివారం గంగరాజు గారినీ ఇంకో ముగ్గురు పెద్దవాళ్ళనీ హాల్లో కూర్చోబెట్టి, మొగ ఏ ఏడు ఎవరిది అని అడిగాను. ఈసారి ప్రశ్నలో ఏడు కూడా ఉంది. వాళ్ళకి సంవత్సరాల అంకెలు తెలియవు గాని వరస తెలుసు. సర్కారువారు చెరువుల గట్లు కొట్టించిన ఏడు వెంకన్నది. కరెంటొచ్చిన ఏడు పోలమ్మ మావగారిది. నీళ్ళు ఎండి, నడిచి ఆ ఒడ్డుకి వెళ్ళిన ఏడు గంగరాజు గారిదే, పాపం చేపే లేదు. ఒకరు మరిచిపోతే ఇంకొకరు అందుకున్నారు. చూస్తుండగానే హాలు నిండిపోయింది. మా మావయ్యది చెప్పలేదేంటండీ అని ఆడవాళ్ళు వెనకనుంచి అందించారు. ఈ విడత ఇరవై ఏడూ, అంతకు ముందు విడత ముప్ఫయ్యీ, దాని ముందువి కొన్ని, మొత్తం డెబ్భై పైగా పేర్లు రాసుకున్నాను. నేను ఏడాది తిరిగి తెలుసుకోలేనిది ఒక పూటలో నా నోట్సులోకి వచ్చింది.

అప్పారావు గారు గుమ్మం దగ్గరే నిలబడి వింటున్నారు. పెద్ద ఉప్పెన వచ్చిన ఏడు ఎవరిదన్న దగ్గర పెద్దవాళ్ళు తడబడ్డారు. ఇద్దరు రెండు పేర్లు చెప్పారు.

"మా నాన్నదండి" అన్నారు అప్పారావు గారు. "మావులన్నీ కొట్టుకుపోయాయండి ఆ ఏడు. ఊరంతా తలా రెండు మావులు అల్లి ఇచ్చిందని చెప్పేవాడు."

అవునవును అన్నారు గంగరాజు గారు. నేను ఆయన తండ్రి పేరు అడిగి, పెద్దక్షరాలతో రాశాను. వరస చివర అప్పారావు గారి పేరు కూడా రాసి, పక్కన 2018 కార్తీకం నుంచి 2019 కార్తీకం దాకా అని పెట్టాను. ఆ కాగితాన్ని ఆయన చాలాసేపు చదువుకున్నారు. తండ్రి పేరు మీద వేలు పెట్టి, ఇదీ ఆపీసుకి వెళుతుందా అండీ అని అడిగారు. వెళుతుందన్నాను. హాల్లో కూడా ఉంటుందా అన్నారు. ఉంటుందన్నాను.

"ఆయ్, అలాగైతే ఇవ్వండి" అని పెన్ను తీసుకున్నారు.

ముప్ఫై సంతకాలూ, వేలిముద్రలూ ఏలూరు చేరాయి. ఆఫీసరు గారు నా మ్యాపు మీద ఎర్ర సిరాతో 'ఆ ఒక్క సంవత్సరానికి మాత్రమే' అని రాసి, వరస కాగితాన్ని దానికి జతచేసి ఫైల్లో పెట్టారు. కొత్త జాబితాలో ముప్ఫై ఇళ్ళ పేర్లు ఉన్నాయి, చోట్ల నెంబర్లు లేవు. చెరువుల ఆసామి మళ్ళీ రాలేదు. ఏటా చేతులు మారే చోటుని లీజుకి తీసుకుని అతనేం చేసుకుంటాడు? మా ప్రాజెక్టు రెండో ఏడు సగానికి సగం తగ్గి, ఆలస్యంగా వచ్చింది. దానికి నాకేమీ బాధ లేదు.

కార్తీకం వెళ్ళిపోయి మార్గశిరం వచ్చాక లంకలో కుండ పెట్టారు. ఆ రోజు నేను కాలేజీకి సెలవు పెట్టి, బస్సు టైము చూసుకోకుండా వెళ్ళాను. మొగ కోసం కుండలో మూడే గురుతులు వేశారు. ఒక శంఖు ముక్క, ఒక రాగి చెవిపోగు, మధ్యలో నొక్కుకుపోయిన సీసపు గుండు. అబ్జర్వేషన్ నియమాలన్నీ ఏడాది కిందటే మంటగలిశాయి కాబట్టి, ఎవరూ పిలవకుండానే తగుదునమ్మా అని లేచి, ఈసారి నేను తీస్తానండీ అన్నాను.

గంగరాజు గారు కుండ మీద అరచెయ్యి పెట్టారు.

"మీరు తీయకూడదండమ్మా."

"ఎందుకండీ? ఇప్పటికీ నేనెవరికీ చుట్టం కాదు కదా."

"చుట్టం కాదండి. కానీ ఇందులో సత్తెమ్మది ఏదో మీకు తెలుసు కదండీ. చేతికి తగిలితే తెలిసిపోతుంది. తెలిసినవాళ్ళు తీయకూడదండి."

అందులో కోపం లేదు, నవ్వుతూనే అన్నారు. కానీ నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. ఆయన చెప్పింది నిజం. కుండలో చెయ్యి పెడితే నా వేళ్ళు ఆ సీసపు గుండు కోసమే వెతికేవి. ఏడాది కిందట నాకు ఏమీ తెలియనప్పుడు, ఆ ఊరు నన్ను నమ్మి ఒక పని ఇవ్వబోయింది. అప్పుడు రైలు ఉందని వెళ్ళిపోయాను. ఇప్పుడు అన్నీ తెలిశాయి, ఆ పనికి నేను పనికిరాను.

కోతలైన చేలల్లో బాతులు మేపుకోవడానికి నెల్లూరు వైపునుంచి వచ్చిన ఒకాయన గట్టు మీద వెళుతుంటే పిలిచారు. ఆయన బాతుల్ని నీళ్ళలోకి వదిలి, చేతులు కడుక్కుని వచ్చి, కళ్ళు మూసుకుని కుండలో చెయ్యి పెట్టాడు. తీశాడు. శంఖు ముక్క. మొగ ఆ ఏడు వేరే ఇంటిది.

ఇంత తిరిగి, ఇంత చేసి, ఆవిడకి రాలేదే అనిపించింది. సత్తెమ్మ గారు మాత్రం కొంగు దోపుకుని, మిగతా చోట్లకి తీసేవాటి కోసం ముందుకి జరిగి కూర్చున్నారు. నేను పక్కకి వెళ్ళి, రాలేదు కదండీ అన్నాను.

ఆవిడ నా వంక ఆశ్చర్యంగా చూశారు.

"రాకపోతే ఏమైందండీ? కుండలో ఉంది కదా."

ఇప్పుడు కొత్తగా ఫీల్డుకి వెళ్ళే విద్యార్థులకి నేను చెప్పేవి రెండే. ఎవరిది అని అడిగితే, ఎప్పటిదాకా అని కూడా అడగండి అంటాను. మొదటి రోజు ఎవరైనా కుండలో చెయ్యి పెట్టమంటే, బస్సు సంగతి మరిచిపోయి పెట్టండి అంటాను. ఏమీ తెలియనివాళ్ళుగా మనం ఒక ఊరికి పనికొచ్చేది ఆ ఒక్క రోజే.